దంతక్రమ చికిత్స - ఆటలలో పళ్ళ రక్షణ

పాఠశాలలలో నేడు పళ్ళకు తీగెలు కట్టించుకొన్న బాలబాలికలు తరచుగా కనబడుచున్నారు. ఎత్తుపళ్ళు, వంకరపళ్ళు, ఒకదానిపై నొకటి ఎక్కిన పళ్ళు సరిచేయుటకు దంతవైద్యులు ఈ తీగెలను అమర్చుదురు. జనులు వీనిని "క్లిప్పులు" అందురు. పాలపళ్ళు ఊడి స్థిరదంతములు చాలవరకు వచ్చిన తరువాత, అనగా సాధారణముగా 11 మొదలు 15 ఏండ్ల ప్రాయములో ఈ చికిత్స జరుగును. ఒకటిన్నర మొదలు రెండు సంవత్సరములు, కొందరికి అంతకన్న ఎక్కువ కాలము పట్టును. కబడ్డీ బరిలో, ఖోఖో స్తంభముల నడుమ, క్రికెట్టు మైదానములో పిల్లలు మిక్కిలి ఉత్సాహముతో ఆడుకొను ప్రాయము కూడ సరిగా ఇదియే.

ఇందువలన తలిదండ్రులకును, వ్యాయామోపాధ్యాయులకును ఒక సందేహము కలుగుచున్నది. క్లిప్పులున్న పిల్లవానిని ఆడనీయవచ్చునా? కొందరు చికిత్స ముగియువరకు ఆటలు మాన్పించుదురు. మరికొందరు ఏ జాగ్రత్తయు లేకుండ పంపుదురు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు. ఎదుగు వయస్సులో రెండేండ్లు ఆటలు లేకుండుట ఆరోగ్యమునకు మంచిది కాదు. ఇక దెబ్బ సంగతి. చేతి ఎముక విరిగినచో కట్టు కట్టిన కొన్ని వారములకు అతుకుకొనును. పంటి పైపొరకు అట్టి శక్తి లేదు. పగిలినది పగిలినట్లే యుండును. ముందటి స్థిరదంతము ఒకటి పోయినచో దాని స్థానమున మరియొకటి మొలవదు. కనుక ఆట మానకుండ పంటిని కాపాడుకొను మార్గము తెలిసికొనవలెను. అందులకు ముందుగా పన్ను దవడలో ఎట్లు నిలిచియున్నదో, క్లిప్పులు దానిని ఎట్లు జరుపునో గ్రహించుట అవసరము.

పన్ను ఎట్లు నిలిచియున్నది?

నోటిలో మనకు కనబడు పంటి భాగమును కిరీట మందురు. దవడ ఎముకలోని గుంటలో దాగియున్న భాగము మూలము. కిరీటమును కప్పియున్న తెల్లని పొర ఎనామెల్. దీనినే పింగాణి పొర యందురు. మానవశరీరములో దీనికన్న గట్టి పదార్థము లేదు. కాని గట్టిదనము వేరు, దెబ్బకు ఓర్చుకొను గుణము వేరు. గాజు గట్టిదే, అయినను క్రిందపడినచో పగులును. పింగాణి పొరయు అట్టిదే. దాని లోపల అంత పెళుసు కాని డెంటీన్ అను పదార్థమును, నడుమ రక్తనాళములు, నాడులు గల దంతగుజ్జును కలవు.

చూచుటకు పన్ను గోడలో దిగగొట్టిన మేకువలె కనబడును. నిజమునకు అది ఎముకను నేరుగా అంటియుండదు. మూలమునకును ఎముకకును నడుమ సుమారు 0.2 మిల్లీమీటరు మందము గల మెత్తని పొర యొకటి కలదు. దీనికి పరిదంత స్నాయువు అని పేరు. సన్నని నారలవంటి అసంఖ్యాకమగు తంతువులు ఒక కొనతో మూలమును, రెండవ కొనతో ఎముకను పట్టుకొని పంటిని ఊయెలలోవలె నిలుపును. చెరకుగడ కొరుకునపుడు, వేయించిన సెనగలు నమలునపుడు కలుగు ఒత్తిడిని ఈ పొరయే ఓర్చుకొనును. ఇందలి జీవకణములు బ్రదికియున్నంతవరకే పంటికిని దవడకును గల సంబంధము సహజముగా నుండును. క్లిప్పుల చికిత్స సాగుటకు ఈ పొర యే కారణము. ప్రమాదములో ముందుగా కాపాడవలసినదియు ఈ పొరనే.

క్లిప్పులు చేయు పని

పళ్ళ వరుసను సరిచేయు విద్యను దంతవైద్యములో ఒక ప్రత్యేక విభాగముగా రూపొందించినవారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డ్ ఆంగిల్ (1855-1930). అతడు 1928 లో వెల్లడించిన "ఎడ్జ్‌వైజ్" పద్ధతి నేటి క్లిప్పులకు ఆధారము. ప్రతి పంటిపైన బ్రాకెట్ అను చిన్న బిళ్ళను అమర్చి, వాని గాడులగుండ ఒక తీగెను నడిపించుదురు. తొలిదినములలో ప్రతి పంటి చుట్టును లోహపు పట్టీ బిగించవలసి వచ్చెడిది. 1955 లో మైకేల్ బ్యూనోకోర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పింగాణి పొరపై ఫాస్ఫారిక్ ఆమ్లమును కొద్దిసేపు పూసి కడిగినచో దాని ఉపరితలము గరుకై, రెసిన్ పదార్థము గట్టిగా అంటుకొనునని చూపెను. ఈ ఆధారముపై తరువాత బ్రాకెట్లను పంటికి నేరుగా అంటించు పద్ధతి వాడుకలోనికి వచ్చెను.

వంచి కట్టిన తీగె తన పూర్వరూపమునకు తిరిగి పోవుటకు యత్నించుచు పంటిని మెల్లగా నెట్టును. ఈ బలము చాల స్వల్పము. ఒక ముందుపంటిని ఒక వైపునకు వాల్చుటకు 50 గ్రాముల బరువుకు సమానమగు బలము, అనగా సుమారు అర న్యూటను, సరిపోవును. కాని అది దినములు, వారములు విడువక పనిచేయును. అట్టి బలమునకు దవడ ఎట్లు స్పందించునో స్వీడన్ దేశస్థుడగు కార్ల్ శాండ్‌స్టెడ్ 1904 లో కుక్కల దంతములపై ప్రయోగములు చేసి చూపెను. పన్ను ఏ వైపునకు నెట్టబడునో ఆ వైపున ఎముక కరగును. వెనుకవైపున క్రొత్త ఎముక ఏర్పడును. ఎముకను కరగించు కణములను ఆస్టియోక్లాస్టులనియు, క్రొత్త ఎముకను కట్టు కణములను ఆస్టియోబ్లాస్టులనియు అందురు. ఇట్లు పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగును.

చికిత్స జరుగుచున్నంత కాలము పరిదంత స్నాయువు మామూలుకన్న కొంచెము వెడల్పై యుండును. పన్ను వ్రేలితో తాకినచో కొద్దిగా కదలును. ఇది రోగలక్షణము కాదు. చికిత్సలో సహజమగు స్థితి. కాని పన్ను ఇట్లు ప్రయాణములో నున్నపుడు దానికి పెద్ద దెబ్బ తగులుట మంచిది కాదు.

దెబ్బ తగిలినపుడు ఏమి జరుగును?

పిల్లల పళ్ళకు తగులు దెబ్బలలో ఎక్కువ భాగము పై దవడ నడిమి కుంతకములకే తగులును. అవి ముఖమునకు ముందుండుటయే కారణము. పై పళ్ళు క్రింది పళ్ళకన్న 3 మిల్లీమీటర్లకు మించి ముందునకు పొడుచుకొని వచ్చిన పిల్లలకు, ఇతరులతో పోల్చినచో, గాయపడు అవకాశము సుమారు రెండు రెట్లని పరిశోధకులు లెక్కించిరి. పెదవి మూసినను అట్టి పళ్ళు పూర్తిగా కప్పబడవు. ఎత్తుపళ్ళు గల ఇట్టి పిల్లలే క్లిప్పులకై వైద్యుని వద్దకు ఎక్కువగా వచ్చెదరు. అనగా దెబ్బకు ఎక్కువగా గురికాగల పళ్ళే తరచుగా చికిత్సలో నుండును.

క్లిప్పులున్నపుడు మరికొన్ని చిక్కులు చేరును. మోచేయి గాని బంతి గాని మూతికి తగిలినపుడు పెదవి బ్రాకెట్ల మూలలకు అదుముకొని చీరుకొనిపోవును. బ్రాకెట్ ఊడవచ్చును, తీగె వంగవచ్చును. వంగిన తీగె అప్పటికప్పుడు నొప్పి కలిగించకపోయినను పంటిని అనుకోని దిక్కునకు నెట్టుచుండును. తీగె పళ్ళన్నిటిని కలిపి కట్టుట వలన ఒక పన్ను ఊడి ఎగిరిపోకుండ కొంతవరకు అడ్డుపడవచ్చును. కాని అది రక్షణకై కట్టినది కాదు. దానిని నమ్ముకొని యుండరాదు.

దెబ్బ బలమెంతో ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. క్రికెట్టు బంతి బరువు సుమారు 160 గ్రాములు. అది నేలను తాకి లేచి, సెకనుకు 10 మీటర్ల వేగముతో, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, పంటికి తగిలి సెకనులో వెయ్యవ వంతు కాలములో ఆగినదనుకొందము. బంతి ద్రవ్యవేగము 0.16 ను 10 తో గుణించగా 1.6. దీనిని 0.001 సెకనుతో భాగించగా వచ్చు సగటు బలము 1600 న్యూటనులు. క్లిప్పు తీగె నెట్టు అర న్యూటనుతో పోల్చినచో ఇది 3200 రెట్లు! అర న్యూటను బలమునకు నెలల తరబడి లొంగి దారి ఇచ్చు స్నాయువు ఈ ఆకస్మిక బలమునకు దారి ఇచ్చు వ్యవధి లేక తెగిపోవును. లేదా పింగాణి పొర పగులును.

ఈ లెక్కలోనే రక్షణోపాయము కూడ కలదు. బంతి ఆగు కాలము రెండింతలైనచో బలము సగమగును, అనగా 800 న్యూటనులు. గచ్చుపైన పడిన కోడిగ్రుడ్డు పగులును; అంతే ఎత్తునుండి దూదిపరుపుపైన పడినది పగలదు. రెండు గ్రుడ్లును ఒకే వేగముతో వచ్చినవే. దూదిపై పడినది ఆగుటకు ఎక్కువ కాలము పట్టెను, తాకిడి గ్రుడ్డుపై ఎక్కువ మేరకు వ్యాపించెను. భౌతికశాస్త్ర పాఠములో ద్రవ్యవేగమును బోధించునపుడు ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును సులభముగా చేసి చూపవచ్చును.

దంతకవచము

పంటికిని దెబ్బకును నడుమ మెత్తని పదార్థమును ఉంచుటయే దంతకవచము చేయు పని. దీనిని ఇంగ్లీషులో మౌత్ గార్డ్ అందురు. లండను నగరములోని వుల్ఫ్ క్రౌజ్ అను దంతవైద్యుడు 1890 ప్రాంతమున ముష్టియుద్ధము చేయువారి పెదవులు తెగకుండుటకై గట్టాపెర్చా పట్టీలను వారి పై పళ్ళకు అమర్చెను. గట్టాపెర్చా యనునది ఒక జాతి వృక్షపు పాలనుండి తీయు, రబ్బరును పోలిన పదార్థము. ముష్టియుద్ధములో మొదలైన ఈ ఆచారము క్రమముగా ఇతర క్రీడలకు వ్యాపించెను. అమెరికాలో ఉన్నతపాఠశాలల ఫుట్‌బాలు ఆటగాండ్రు 1962 నుండి దీనిని తప్పనిసరిగా ధరించవలసి వచ్చెను.

దీని ప్రయోజనమును చక్కగా తెలుపు ఉదాహరణము న్యూజీలండు దేశమున కలదు. అచ్చట రగ్బీ ఆటలో దంతకవచ ధారణమును 1998 నుండి అన్ని స్థాయిల ఆటగాండ్రకును నిర్బంధము చేసిరి. 1995 నుండి 2003 వరకు గల కాలములో రగ్బీ ఆటలోని దంతగాయములకై ఆ దేశపు ప్రమాద పరిహార సంస్థకు చేరిన దరఖాస్తులు 43 శాతము తగ్గెను.

నేటి కవచములను చాలవరకు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అను ప్లాస్టిక్కుతో చేయుదురు. ఆటబూట్ల అడుగుభాగములలో మెత్తదనమునకై వాడు పదార్థము కూడ ఇదియే. కవచము మూడు నాలుగు మిల్లీమీటర్ల మందముండవలెను. అంతకన్న పలుచనైనచో దెబ్బ నాపజాలదు. మరీ మందమైనచో ఊపిరికిని మాటకును అడ్డగును. ఇది దెబ్బ తగులు కాలమును కొంత పొడిగించి, ఒక పంటిపై పడవలసిన తాకిడిని పక్కనున్న పళ్ళన్నిటికి పంచును. పెదవికిని బ్రాకెట్లకును నడుమ మెత్తగా నిలుచును. పై పళ్ళు క్రింది పళ్ళు ఒకదానితో నొకటి ఢీకొనకుండ చేయును. ఎంత మంచి కవచమైనను వేగముగా వచ్చు బంతిని నిరపాయకరము చేయజాలదని మాత్రము మరువరాదు. తలకు తగిలిన దెబ్బనుండి అది మెదడును కాపాడునని భావించుటయు తగదు.

క్లిప్పులున్నవారికి ఏ కవచము?

కవచములు మూడు రకములు. మొదటిది అంగడిలో సిద్ధముగా దొరకునది. ఇది ఎవరి నోటికిని సరిగా అమరదు. పళ్ళు బిగబట్టి యున్నంతవరకే నిలుచును. రెండవది వేడినీటిలో ముంచి మెత్తపరచి, నోటిలో పెట్టుకొని కొరికి, తన పళ్ళకు అనుగుణముగా అచ్చుపడునట్లు చేసికొనునది. మూడవది దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీసి ప్రత్యేకముగా తయారుచేయునది. క్లిప్పులు లేనివారికి రెండవ రకము కొంతవరకు పనికివచ్చును, మూడవది ఉత్తమము.

క్లిప్పులున్నవారి సంగతి వేరు. సాధారణమగు రెండవ రకము కవచమును వేడిచేసి కొరికినచో మెత్తబడిన ప్లాస్టిక్ బ్రాకెట్ల మూలలలోనికిని తీగె వెనుకకును జొచ్చి అచ్చటనే గట్టిపడును. తీయబోయినచో బ్రాకెట్లు ఊడును. ఊడకుండ వచ్చినను మరియొక నష్టము కలదు. అది పళ్ళను నేడున్నచోటనే బిగించి పట్టుకొనును. తీగె ఒక దిక్కునకు లాగుచుండగా కవచము వెనుకకు లాగును. కొన్ని వారములలో పళ్ళు జరిగిన తరువాత అదే కవచము బిగువై నోటిలో పట్టదు.

కనుక క్లిప్పులున్న బాలుని కవచము రెండు విరుద్ధధర్మములు కలిగియుండవలెను. దెబ్బకు కదలకుండ నిలువవలెను. పంటి కదలికకు అడ్డుపడకుండవలెను. దీనిని సాధించు ఉపాయమిది. వైద్యుడు పళ్ళ నమూనాను తయారుచేసి, దానిపై బ్రాకెట్లు, తీగెలు ఉన్నచోటను, పళ్ళు జరుగబోవు దిక్కునను మైనముతో గాని పలాస్త్రితో గాని కొంత మేర పూడ్చును. దానిపై వేడిచేసిన ప్లాస్టిక్ రేకును గాలి ఒత్తిడితో అదిమి కవచమును తీయును. పూడ్చిన మేర కవచములో ఖాళీగా మిగులును. ఆ ఖాళీలో బ్రాకెట్లు తగులక యుండును. పళ్ళును జరుగుటకు చోటుండును. కవచము చిగుళ్ళను, బ్రాకెట్లు లేని వెనుక దంతములను ఆనుకొని నిలుచును. క్లిప్పులున్నవారికై ప్రత్యేకముగా, లోపల గాడి ఉండునట్లు సిలికోన్‌తో చేసిన కవచములును దొరకును. వీనిని వేడిచేసి కొరుకవలసిన పని లేదు. వైద్యుని సలహాపై వీనిని వాడవచ్చును.

సాధారణముగా కవచము పై పళ్ళకు చాలును. రెండు దవడలకును క్లిప్పులున్నచో క్రింది పెదవికిని రక్షణ కావలెను. అట్టివారికి రెండు వరుసలను కప్పునది అవసరమా యని వైద్యుడు నిర్ణయించును. పళ్ళు జరుగుచుండును కనుక చికిత్సకాలములో కవచమును ఒకటి రెండు సారులు మార్చవలసి రావచ్చును. నెలనెల వైద్యుని వద్దకు పోవునపుడు కవచమును వెంట తీసికొనిపోయి చూపించుట మంచిది.

తెలుగు పాఠశాలలలో ఈ విషయము కబడ్డీ యందు మిక్కిలి ముఖ్యము. ఈ ఆటలో పట్టు పట్టునపుడు మోకాళ్ళు, మోచేతులు, తలలు మూతికి తగులుట సామాన్యము. కాని కూతకు వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి ఎడతెగక "కబడ్డీ, కబడ్డీ" యని స్పష్టముగా పలుకవలెను. పళ్ళు బిగబట్టి నిలుపవలసిన కవచముతో ఇది సాధ్యము కాదు. అట్టి కవచమిచ్చినచో బాలుడు దానిని తీసి జేబులో వేసికొనుట నిశ్చయము. పై దవడకు తనంత తాను పట్టియుండు కవచముతో మాత్రమే కూత పెట్టవచ్చును. అదియు మొదట కొన్ని దినములు నాలుకకు అడ్డుగా తోచును. పోటీనాడు గాక అభ్యాసమునాడే ధరించుట మొదలిడినచో నాలుక అలవాటుపడును.

హాకీలో అంతర్జాతీయ నియమావళి ఆటగాండ్రు నోటి రక్షణ ధరించుట మంచిదని సూచించుచున్నది. క్రికెట్టులో బ్యాటు పట్టినవాడు కడ్డీలు గల శిరస్త్రాణము ధరించినచో ముఖమునకు మంచి రక్షణ కలుగును. కాని శిరస్త్రాణము లేకుండ వికెట్ల వెనుక నిలుచువానికిని, గతుకుల నేలపై కార్కు బంతిని ఆపువానికిని కవచము కావలెను. ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు, ఖోఖో ఆటలలో ఒకరినొకరు ఢీకొనుట, బోర్లపడుట కలదు. ఈత, పరుగు వంటివానికి అంత అవసరము లేదు.

తీసిపెట్టదగిన సాధనములు

క్లిప్పులన్నియు పంటికి అంటించినవి కావు. తీసి పెట్టుకొనదగిన పలకలు, పారదర్శకమగు ప్లాస్టిక్ తొడుగులు, చికిత్స ముగిసిన తరువాత పళ్ళు తిరిగి పూర్వస్థానమునకు పోకుండ పెట్టు రిటైనర్లు కూడ వాడుకలో నున్నవి. ఒరసుకొను ఆటలకు ముందు వీనిని తీసి డబ్బాలో భద్రపరచవలెను. పలుచని ప్లాస్టిక్ తొడుగు కవచముగా పనిచేయదు. దెబ్బకు విరిగి ముక్కలు గొంతులోనికి పోవు ప్రమాదము కలదు. తలకు, మెడకు పట్టీలతో కట్టు వెలుపలి తీగె గలవారు ఆటలలో దానిని ధరింపనే కూడదు. ఎవరైన పట్టుకొని లాగి విడిచినచో ఆ తీగె కంటిని పొడుచును. ఆట ముగియగానే ఈ సాధనములను మరల పెట్టుకొనుట మరువరాదు.

కవచమును శుభ్రముగా నుంచుకొనుట

ఆడిన వెంటనే కవచమును చన్నీటితో కడిగి, మెత్తని కుంచెతో రుద్ది, ఆరబెట్టి, గాలిరంధ్రములు గల డబ్బాలో పెట్టవలెను. వేడినీటిలో కడిగినను, ఎండలో వదలినను దాని ఆకారము చెడును. ఒకరిది మరియొకరు పెట్టుకొనరాదు. నమలుట వలన అంచులు చిరిగినదియు, వదులైనదియు పనికిరాదు. కవచము నోటిలో నుండగా తీపి పానీయములు త్రాగుట హానికరము. కవచము లోపల చిక్కిన చక్కెరను లాలాజలము కడిగివేయజాలదు. సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చి బ్రాకెట్ల చుట్టునున్న పింగాణి పొరపై తెల్లని మచ్చలు కలిగించును. ఆట నడుమ దాహమునకు మంచినీరే త్రాగవలెను.

పన్ను ఊడినపుడు చేయవలసినవి

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ప్రమాదములు జరుగును. అపుడు వైద్యుడు చేయగలిగినదానికన్న మైదానములో నున్నవారు మొదటి కొన్ని నిమిషములలో చేయు పనియే ముఖ్యము. బాలుడు స్పృహ తప్పినను, వాంతి చేసికొన్నను, తికమకగా మాటలాడినను పంటి సంగతి తరువాత. ముందుగా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

స్పృహలో నున్నచో ఊడిన పంటిని వెదకవలెను. అది పాలపన్ను అయినచో మరల పెట్టరాదు. పెట్టినచో లోపల తయారగుచున్న స్థిరదంతమునకు హాని కలుగును. ఉన్నతపాఠశాల ప్రాయమున ముందుపళ్ళు స్థిరదంతములే యగును. పంటిని కిరీటభాగమున మాత్రమే పట్టుకొనవలెను. మూలమును ముట్టుకొనరాదు, తుడువరాదు, గోకరాదు. దానిపై స్నాయువు కణములు ఇంకను బ్రదికియుండును. మట్టి అంటినచో పాలతో గాని, అవి లేనిచో మంచినీటితో గాని కొద్ది సెకనులు మాత్రము తొలిచి, వెంటనే దాని గుంటలో యథాస్థానమున పెట్టి, శుభ్రమగు చేతిరుమాలును మెల్లగా కొరికి పట్టుకొనుమనవలెను. బ్రాకెట్ పంటికి అంటియున్నను తీయనక్కరలేదు. ఇట్లు చేసి దంతవైద్యుని వద్దకు పోవలెను.

పెట్టుటకు ధైర్యము చాలనిచో పంటిని చల్లని పాలలో వేసి తీసికొనిపోవలెను. కాచి చల్లార్చినవైనను, పొట్లములో వచ్చునవైనను సరే. పాలు దొరకనిచో బాలుని ఉమ్మినే చిన్న గిన్నెలో పట్టి అందులో ఉంచవచ్చును. కాగితములోను, రుమాలులోను చుట్టి ఎండనీయరాదు. నీటిలో వేసియుంచుటయు మంచిది కాదు. ఎండుద్రాక్షను నీటిలో వేసినచో నీరు లోనికి పోయి అది ఉబ్బును; దీనినే ద్రవాభిసరణ మందురు. స్నాయువు కణములును నీటిలో అట్లే ఉబ్బి పగిలిపోవును. పాలలో కరగియున్న లవణములు, చక్కెరల గాఢత శరీరద్రవముల గాఢతకు దగ్గరగా నుండుటచే వానిలో కణములు కొంతకాలము బ్రదుకును. పొడిగా ఒక గంట గడచినచో అవి చాలవరకు చనిపోవును. అటుపిమ్మట పంటిని పెట్టినను దాని మూలము క్రమముగా కరగిపోవు అవకాశము మిక్కుటము. వెంటనే పెట్టిన పన్ను అనేక సంవత్సరములు నిలువవచ్చును.

పన్ను పూర్తిగా ఊడక, కదలి తీగెకు వ్రేలాడుచున్నచో లాగరాదు, తీగెను సరిచేయబోరాదు. పన్ను విరిగినచో ఆ ముక్కను కూడ పాలలో గాని నీటిలో గాని వేసి తీసికొనిపోయినచో వైద్యుడు దానిని మరల అంటించగలుగవచ్చును. పెదవి తెగినచో శుభ్రమగు గుడ్డతో అదిమి పట్టవలెను. మట్టిలో పడిన గాయమునకు ధనుర్వాతపు టీకా అవసరమేమో వైద్యుని అడుగవలెను.

పన్ను ఏ నొప్పియు లేక బాగుగా నున్నట్లు కనబడినను క్లిప్పులు వేసిన వైద్యునికి దెబ్బ సంగతి తెలుపవలెను. లోపలి దంతగుజ్జు కొన్ని నెలల తరువాత చనిపోవచ్చును. పన్ను నల్లబడినపుడే అది బయటపడును. చిన్న దెబ్బయైనచో కొన్ని నెలలును, ఊడి పెట్టిన పన్ను అయినచో సుమారు ఒక సంవత్సరమును ఆ పంటిని జరుపక ఆగి చూచుట వైద్యుల పద్ధతి.

పాఠశాల చేయదగినవి

దీనికి పాఠశాలకు పెద్ద ఖర్చు లేదు. సంవత్సరారంభమున క్లిప్పులున్న విద్యార్థుల పేర్లను వ్యాయామోపాధ్యాయుడు వ్రాసికొని, వారి కవచముల విషయము తలిదండ్రులతో మాటలాడవలెను. బూట్లు లేనివానిని పరుగునకు పంపనట్లే, కవచము తెచ్చుకొననివానిని ఆనాడు ఒరసుకొను ఆటలో గాక వేరొక ఆటలో చేర్చవలెను. దగ్గరలోనున్న దంతవైద్యశాల చిరునామా, దూరవాణి సంఖ్య ప్రథమచికిత్స పెట్టె మూతపై అంటించవలెను. మధ్యాహ్నభోజనపు వంటశాలలో గాని, ఎదుటి టీకొట్టులో గాని పాలు ఎప్పుడు దొరకునో తెలిసియుండవలెను. పెద్ద తరగతుల విద్యార్థులలో నలుగురికి పంటిని పట్టుకొను విధమును, పాలలో వేయు విధమును సుద్దముక్కతోనైనను చేసి చూపవలెను. దెబ్బ తగిలిన క్షణమున బాలుని పక్కన నుండువాడు ఉపాధ్యాయుడు కాదు, తోటి ఆటగాడు.